గన్నవరం అక్విడక్టు ఎవరు కట్టారు?

ఈ వారం ఈ కాలమ్‌కు కోపం తెప్పించింది ఒక 'కీ'. పి.గన్నవరం దగ్గర్లో బడిపిల్లలకు జీకే పోటీ పెట్టారు. దేశ చరిత్ర, సంస్కృతి విభాగంలో అశోకుడి నుంచి అంబేద్కర్ దాకా అన్నీ ఉన్నాయి. ఊరికి సంబంధించిన ప్రశ్న ఒక్కటే: గన్నవరం అక్విడక్టు ఎవరు కట్టారు? తొమ్మిదో తరగతి కుర్రాడు 'హేగ్' అని రాశాడు. నిర్వాహకుల కీలో 'సర్ ఆర్థర్ కాటన్' అని ఉంది. మార్కు పోయింది. కుర్రాడు వెళ్లి అడిగితే, "కీలో ఏదుంటే అదే కరెక్టు బాబూ" అని పంపేశారట.

బిట్ల మీద ఈ కాలమ్‌కు ఉన్న పగ పాత పాఠకులకు తెలుసు. మూడో పానిపట్టు యుద్ధం ఎప్పుడు? 1761. అయిపోయింది, తర్వాతి బిట్టు. అబ్దాలీ ఎందుకొచ్చాడు, మరాఠాలు అంత దూరం వెళ్లి ఎలా దెబ్బతిన్నారు, దానివల్ల లాభపడింది ఎవరు అన్నవి బిట్టుకు పట్టవు. చరిత్రను చిల్లరగా మార్చి పిల్లల జేబుల్లో పోస్తున్నారని ఈ కాలమ్ ఎన్నోసార్లు రాసింది. గన్నవరం ప్రశ్న ఆ పగను మళ్లీ రేపింది, ఎందుకంటే ఇక్కడ బిట్టు మింగేసిన కథ మామూలుది కాదు.

వశిష్ఠ గోదావరి నుంచి వైనతేయ పాయ చీలేది గన్నవరం దగ్గరే. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న భూమి రాజోలు సీమ. పాత ఇంజనీర్ల కాగితాల్లో దాని పేరు నగరం దీవి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. కాలువల నీళ్లు కోనసీమ మధ్యదాకా వచ్చాయి. కానీ వైనతేయకు అవతల ఉన్న దీవికి ఎలా చేరతాయి? చుట్టూ నది, కింద సముద్రం, చేలకు మాత్రం వాన తప్ప దిక్కులేదు. నది మీదుగా కాలువను దాటించడమే దారి. కింద గోదావరి, పైన గోదావరి.

ఆ పనిని భుజాన వేసుకున్నది మద్రాసు ఇంజనీర్ల దళంలోని యువ లెఫ్టినెంటు ఫెలిక్స్ థాకరే హేగ్. 1850ల మొదట్లో కట్టిన ఆ అక్విడక్టుకు 49 ఖానాలు, ఒక్కో ఖానా వెడల్పు 40 అడుగులు. గట్టు నుంచి గట్టుకు పొడవు 2,248 అడుగులు. ఈ మూడు అంకెలూ ఇచ్చి ఏడో తరగతి పిల్లల్ని వదిలేయండి, మిగతాది వాళ్లే చెబుతారు. 49 నలభైలు 1,960. మిగిలింది 288 అడుగులు. 49 ఖానాల మధ్య ఉండే స్తంభాలు 48. అంటే ఒక్కో స్తంభం మందం ఆరడుగులు. గోదావరి వరదకు ఎదురు నిలవాల్సిన స్తంభం ఎంత లావుండాలో ఒక మనిషి లెక్క వేసుకున్నాడన్న సంగతి అప్పుడు పిల్లలకు కళ్లకు కడుతుంది. ఆ తర్వాత హేగ్ ఎగువ గోదావరికి వెళ్లి దుమ్ముగూడెం ఆనకట్ట పని చూశాడు, పడవల దారి కోసం తంటాలు పడ్డాడు.

కాటన్ పేరు చెప్పడం పూర్తిగా తప్పు కాదు. డెల్టా మొత్తం ఆయన ఊహ. ఆ ఊహ కోసం మద్రాసు ప్రభుత్వంతో ఆయన పడిన పెనుగులాట చిన్నది కాదు. కోనసీమలో ఊరూరా కాటన్ దొర విగ్రహం ఉండటానికి న్యాయమైన కారణం ఉంది, 1982లో వచ్చిన కొత్త బ్యారేజీకి ఆయన పేరు పెట్టడం సబబే. అయితే ఆనకట్ట పని మధ్యలో కాటన్ జబ్బుపడి సెలవు మీద వెళ్లిపోతే కెప్టెన్ ఆర్ దాన్ని నడిపించాడు. వేలమంది కూలీలను పోగుచేసి పనిలో నిలబెట్టడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచింది వీణం వీరన్న. ధవళేశ్వరం చూడటానికి వెళ్లేవాళ్లలో వీరన్న పేరు విన్నవాళ్లు ఎందరు? ఒక్క పేరు నిలవాలంటే పది పేర్లు మునగాలని బిట్టు ఎప్పుడో తీర్పు ఇచ్చేసింది.

పాత అక్విడక్టు వయసు మీరాక పక్కనే కొత్తది కట్టారు. దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆమె మీద కూడా ఒక బిట్టు ఉంది: ఆంధ్రుల అన్నపూర్ణగా పేరొందినది ఎవరు? 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం డొక్కా జోగన్న గారింట అడుగుపెట్టి, 1909లో కన్నుమూసే వరకు ఆ ఇంటి పొయ్యి ఆరనివ్వని మనిషి. పడవ దిగినవాళ్లు ఏ కులమని, ఏ వేళని అడగకుండా విస్తరి వేసేవారు. అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఒకసారి బయల్దేరారట. దారిలో ఒక పెళ్లివారి గుంపు కనబడింది. ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని పెద్దవాళ్లు, "కాసేపు ఓర్చుకోండమ్మా, గన్నవరం వెళ్తే సీతమ్మ గారు అన్నం పెడతారు" అని సముదాయిస్తున్నారు. ఆమె అక్కడి నుంచే వెనక్కి తిరిగి ఇల్లు చేరి వంటకు దిగారని ఈ లంకల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకకు ఆహ్వానం వస్తే ఆమె వెళ్లలేదని, ఫొటో మాత్రం పంపించారని కూడా చెప్పుకుంటారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది. రోజూ ఆ భోజనం తినే పిల్లలకు ఆమె ఒక ఆప్షన్. ఎ, బి, సి, డిల్లో ఒకటి.

ఇంత కోపంతో ఈ వారం బిట్లను నిలువునా ఉతకాలనే సంకల్పం. అంతకు ముందు కుర్రాడిని ఒక మాట అడగాల్సి వచ్చింది: హేగ్ పేరు నీకెలా తెలుసు?

"ఆయ్, మా అక్క పుస్తకంలో ఉందండి."

ఆ పుస్తకాన్ని తెచ్చి చూపించాడు. పొడుగాటి రూళ్ల నోటుబుక్కు, అట్ట ఊడిపోతే ప్లాస్టర్ టేపు వేసి అతికించారు. పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టి, ఎడమ పక్క ఎర్ర పెన్నుతో ప్రశ్న, కుడి పక్క నీలం పెన్నుతో జవాబు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల పరీక్షకు ఆ అమ్మాయి తయారైంది. లక్షా పాతిక వేలకు పైగా పోస్టులు, ఇరవై లక్షలు దాటిన దరఖాస్తులు. సెప్టెంబరులో వారం రోజులు రాష్ట్రమంతా ఆ పరీక్షే. కోచింగ్‌కు కాకినాడో రాజమండ్రో వెళ్లే స్తోమత లేక, లైబ్రరీలో కూర్చుని తన పుస్తకం తనే రాసుకుంది. ఉద్యోగం రాలేదు. పుస్తకం ఇంట్లో ఉండిపోయింది, తమ్ముడు చదువుకున్నాడు.

అందులో ఒక పేజీకి 'మన ఊరు' అని శీర్షిక. వైనతేయ ఎక్కడ చీలుతుంది? సీతమ్మ గారు ఎప్పుడు పుట్టారు? లోక్‌సభ తొలి దళిత స్పీకర్ ఎవరు? జీఎంసీ బాలయోగి, 1998. అక్విడక్టు పని చూసిన ఇంజనీరు? హేగ్. 'కట్టింది ఎవరు' అని ఆమె రాయలేదు. 'పని చూసిన ఇంజనీరు' అని రాసింది. పోటీ పెట్టిన పెద్దలకు తట్టని జాగ్రత్త ఆ ఎర్ర సిరా వాక్యంలో ఉంది.

ఇక్కడ ఈ కాలమ్ దారి మార్చక తప్పదు. హేగ్ పేరును మింగింది బిట్టే, నిజం. ఒక తొమ్మిదో తరగతి కుర్రాడికి ఆ పేరును అందించింది కూడా బిట్టే. ఆ ఇంట్లో చరిత్ర గ్రంథాలు లేవు. అక్విడక్టు కథ చెప్పే తాత లేడు. ఉన్నది ఒక అక్క రాసుకున్న ఒంటి వాక్యం. అది గుర్తుండబట్టే కుర్రాడు కీతో వాదించాడు.

తెలుగులో విజ్ఞానాన్ని జనం దగ్గరకు తేవాలని ముందుగా గట్టిగా తలచినవాళ్లలో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ఒకరు. 1906లో హైదరాబాద్‌లో ఆయన పూనికతో విజ్ఞాన చంద్రికా మండలి మొదలైతే, ఆ మండలి మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితం. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర కూడా ఆ మండలి వెలుగులోకి తెచ్చిందే. లక్ష్మణరావు అక్కడితో ఆగక ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. మూడు సంపుటాలు వచ్చాక 1923లో ఆయన పోయారు. కాశీనాథుని నాగేశ్వరరావు ఆ బరువును మళ్లీ ఎత్తుకున్నారు. విజ్ఞాన సర్వస్వం అన్నా అకారాది క్రమంలో విడివిడిగా పేర్చిన సంగతులే. నిడివి ఎక్కువ, వెనక పండితుల శ్రమ ఉంది, అంతే తేడా. సంగతిని విడదీసి, పేరు పెట్టి, వెతికితే దొరికేలా ఉంచడం తప్పయితే లక్ష్మణరావు అంతటి మహానుభావుడినీ తప్పు పట్టాలి.

మరో ఉదాహరణ ఇంటి ముందే ఉంది. 2023 జనవరి 26న ఢిల్లీ కర్తవ్య పథ్ మీద ఆంధ్రప్రదేశ్ శకటంగా కోనసీమ ప్రభల తీర్థం నడిచింది. ఆ ఏడాది కరెంట్ అఫైర్స్ చదివిన ప్రతి ఒక్కరూ, ఇచ్ఛాపురం వాళ్లూ హిందూపురం వాళ్లూ, ఆ జవాబు బట్టీ పట్టారు. కనుమ నాడు ఆ తీర్థం జరిగే జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల రుద్రులు చేరతారని, వ్యాఘ్రేశ్వరం ప్రభ అక్కడ పెద్దన్న అని వాళ్లకు తెలియకపోవచ్చు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని ఎగువ కౌశికలో దింపి, పీకల్లోతు నీళ్లలో భుజాల మీద మోసుకుంటూ, "అశ్శరభ శరభ" అని కేకలు వేస్తూ అవతలి గట్టెక్కించే కుర్రాళ్ల చేతులు ఎలా వణుకుతాయో బిట్టులో లేదు. పచ్చటి చేను తొక్కుకుంటూ ప్రభ వెళ్తే రైతు దాన్ని నష్టం అనుకోడని కూడా లేదు. అయినా జగ్గన్నతోట అన్న పేరు రాయలసీమ పిల్లల నోట పలికింది. వాళ్లలో ఏ ఒక్కరైనా ఒక కనుమకు ఇటు వస్తే, దారి చూపించింది ఆ నాలుగు ముక్కల జవాబే.

కాబట్టి ఈ కాలమ్ తీర్పు మారింది. పిల్లలు బిట్లు చదవాలి, బట్టీ పట్టాలి కూడా. డబ్బున్నవాళ్ల పిల్లలకు ఇంటి గోడల నిండా పుస్తకాలు ఉంటాయి. లంకలో కొబ్బరి దింపు కూలీ కూతురికి ఉన్నది ఆ రూళ్ల నోటుబుక్కు. దాన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. నిలదీయాల్సింది ప్రశ్న రాసేవాళ్లను. 'ఎవరు కట్టారు' అని అడిగే ముందు ఇంజనీరు గురించా, తలపెట్టినవాడి గురించా, ఇసుకలో పునాదులు తవ్విన కూలీల గురించా అన్నది తేల్చుకోవాలి. రెండు జవాబులు సరైనవైతే రెండింటికీ మార్కు వేయాలి. పిల్లవాడు కీని ప్రశ్నిస్తే కీ తెరిచి మళ్లీ చూడాలి.

చివరగా ఒక విన్నపం. అక్విడక్టుకు తట్టలు మోసింది ఎవరు, మేస్త్రీలు ఏ ఊరివాళ్లు, సున్నం గానుగలు ఎక్కడ ఆడాయి అన్న ప్రశ్నలకు ఆ అమ్మాయి నోటుబుక్కులో జవాబు లేదు, ఏ గైడులోనూ కనబడదు. 1986 ఆగస్టు వరదను చూసిన ఊళ్లలో పాత కాగితం మిగలడమే గొప్ప. అయినా వైనతేయకు ఇటూ అటూ ఉన్న ఇళ్లలో ఎవరి అటక మీదైనా లాకుల గుమాస్తా లెక్కల పుస్తకం, కాలువ పడవ రసీదు, ముత్తాత కూలీ చీటీ లాంటివి ఉంటే పారేయకండి. నకలు తీయించి దగ్గర్లోని గ్రంథాలయంలో ఇవ్వండి. ఇంట్లో ఎనభై దాటినవాళ్లు ఉంటే అక్విడక్టు గురించి వాళ్లు విన్నది ఈ వారమే రాసి పెట్టండి.