పోలీసు వెరిఫికేషన్: ఎవరి రికార్డు, ఎవరి గుణం?

సర్కారు కొలువు వచ్చిందని సంబరపడేలోపే అటెస్టేషన్ ఫారం చేతికొస్తుంది. ఎప్పుడైనా అరెస్టయ్యారా, బైండోవర్ అయ్యారా, కేసు నడుస్తోందా అని అందులో అడుగుతారు. ఆ కేసు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడగరు. మా పేచీ అక్కడే.

దళితులు అట్రాసిటీ కేసు పెడితే అవతలివాళ్లు కౌంటర్ కేసు పెట్టడం పల్లెల్లో అందరూ ఎరిగిన తంతే. రాజీకి దింపడానికి అదొక పనిముట్టు. అందులో చదువుకున్న కుర్రాడి పేరు ఇరికిస్తే ఇల్లంతా దారికొస్తుందని వాళ్లకు తెలుసు. భూమి ఉన్నవాడికి కేసు నడిచినా బతుకు నడుస్తుంది. మనవాడికున్న ఒక్క ఆధారం ఉద్యోగమే.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 11 సూత్రాలు చెప్పింది. కుర్రతనంలో నినాదాలిచ్చిన కేసులాంటిది దాచినా అధికారి క్షమించవచ్చంది. మంచిదే. కానీ నిజం రాసిచ్చినా ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదంది. తీవ్రమైన నేరాల్లో సంశయ లబ్ధితో విడుదలైనవాళ్ల పూర్వాపరాలు మళ్లీ చూడవచ్చంది. అంటే కోర్టు వదిలేసిన మనిషిని ఆఫీసరు మళ్లీ విచారిస్తాడన్నమాట! కేసు కులకక్షతో పుట్టిందా అని తేల్చమనే సూత్రం ఆ పదకొండులో లేదు.

స్టేషన్ రికార్డు చూసి గుణం తేల్చడం మన నేల మీద కొత్త కాదు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవాళ్లను పుట్టుదొంగలుగా రాసుకుంది. స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ చట్టం బిడ్డే. 1952లో చట్టం పోయింది, రాత పోలేదు. విముక్త జాతులవాళ్లను అలవాటు నేరస్థులుగా చూసే జైలు మాన్యువళ్లను 2024లో సుప్రీంకోర్టు కొట్టేయాల్సి వచ్చింది.

1983లో జస్టిస్ చిన్నపరెడ్డి, రాజకీయ సంబంధాలపై పోలీసు రిపోర్టు చూసి ఒక టీచరును తీసెయ్యడం చెల్లదన్నారు. ఆ టీచరు మీది ఆరోపణ ఆరెస్సెస్, జనసంఘ్ కార్యక్రమాల్లో పాల్గొన్నాడని. వాళ్లకు దక్కిన రక్షణ అంబేడ్కర్ విగ్రహం దగ్గర నినాదమిచ్చి కేసులో ఇరుక్కున్నవాడికి దక్కొద్దా?

2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో 251 మంది తమపై క్రిమినల్ కేసులున్నాయని రాసిచ్చారు. శిక్ష పడనిదే వాళ్ల సీటు కదలదు. కానిస్టేబులు కాబోయేవాడికి ఎఫ్.ఐ.ఆర్. చాలు. కాంట్రాక్టరు కింద ఊడ్చే మనిషికైతే కాగితం కూడా అక్కర్లేదు, రేపట్నించి రావొద్దంటే సరి.

తనిఖీ వద్దని మేం అనడం లేదు. హాస్టలు వార్డెను చరిత్ర చూడాల్సిందే, ఆ హాస్టళ్లలో ఉండేది మన పిల్లలే. మేం అడిగేది ఇదీ: నేరానికీ చేయబోయే పనికీ సంబంధం చూపాలి. విడుదలంటే విడుదలే కావాలి. కౌంటర్ కేసును అట్రాసిటీ కేసుతో కలిపి చదవాలి. కాదన్నప్పుడు కారణం రాసివ్వాలి, కాంట్రాక్టు కార్మికులకు కూడా. ఫారం నింపే చెయ్యి మనది. కేసు రాసే కలం ఎవరి చేతిలో ఉందో అడగకుండా గుణం గురించి తీర్పు చెబితే అది కులం చెప్పిన తీర్పే.