ఘంటసాల చదివిన పుస్తకం

బెజవాడలో మా గుణదలలో పొద్దున్నే మైకులో ఘంటసాల భగవద్గీత వినబడితే ఎవరికీ కురుక్షేత్రం గుర్తుకు రాదు. "ఎవరింట్లోనో పాపం" అనుకుంటూ గుమ్మాల్లోకి వస్తారు. శబ్దం పడవల రేవు వైపు నుంచా, కొండ వైపు నుంచా అని చెవి రిక్కిస్తారు. మంచం పట్టిన పెద్దవాళ్ళు ఏ వీధిలో ఎవరున్నారో మనసులోనే ఒక చుట్టు చుట్టి వస్తారు. ఒక్క గుణదలనే అనుకోనక్కర్లేదు, తెలుగు ఊళ్ళన్నిటా ఇదే వరస. అంతిమయాత్ర బండి కదిలిందంటే ఆ రికార్డు పడాల్సిందే.

మా ఆఫీసులో ఒకసారి మార్చి నెలాఖరులో, లెక్కలు తేలక అందరం తలలు పట్టుకున్న మధ్యాహ్నం పూట, మా సెక్షన్‌లో పెద్దాయన అన్నం తిని కంప్యూటర్లో గీత పెట్టుకున్నారు. శ్లోకం సగం కాకముందే అటెండరు పరుగెత్తుకొచ్చాడు, "ఎవరు సార్?" అంటూ. పక్క సెక్షన్ వాళ్ళు తలుపు దగ్గర గుమిగూడారు. చివరికి సూపరింటెండెంటు గారు కూడా వచ్చి, "ఆడిట్ పార్టీ ఇంకా రానేలేదు, అప్పుడే ఎందుకండీ ఇది?" అన్నారు. అందరం నవ్వాం. నాకు మాత్రం నవ్వుతో పాటు కాస్త కష్టం కూడా వేసింది. ఒక పుస్తకాన్ని తెలుగువాడి చెవికి ఎలా అందించాలో ఇంత శ్రద్ధగా చేసి చూపించిన పని మరొకటి లేదని నా నమ్మకం. దాన్ని మనం చావు కబురు చెప్పే పనికి కుదిర్చి ఊరుకున్నాం.

నేను పుస్తకాలు చదవడం తగ్గి వినడం ఎక్కువైన బాపతు. ఏలూరు రోడ్డు మీద సిటీ బస్సులో ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో క్యారియరు పట్టుకుని నిలబడేవాడికి పుస్తకం తెరిచే చెయ్యి మూడోది ఎక్కణ్ణుంచి వస్తుంది? చెవులే ఖాళీ. వాటి బాధలు వాటికున్నాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాణ్ణి చూస్తే పక్క సీటాయనకు కబుర్లు చెప్పాలని ఎక్కడలేని ఉత్సాహం పుడుతుంది. కథ మంచి పట్టులో ఉండగా గ్యాస్ బుకింగు వాళ్ళు ఫోన్ చేస్తారు. ఇంట్లో అయితే "పిలిస్తే పలకడు, చెవుల్లో ఆ పుల్లలు పెట్టుకుని తిరుగుతాడు" అని అమ్మ ఫిర్యాదు. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది చదివేవాళ్ళ ధోరణి.

ఫోన్లో తెలుగు పుస్తకాలకు ఇప్పుడు కొరత లేదు. చదవడం వచ్చినవాళ్ళకే కొరత. ఒకాయన ప్రేమలేఖను కూడా వార్తల్లాగే చదువుతాడు. ఒకావిడ నాయిక కంట నీరు రాకముందే తానే గొంతు పూడుకుపోయి ఏడ్చేస్తుంది. పేరా మారితే చాలు వీణ మీటుతారు, ఎవరైనా చనిపోతే సన్నాయి. "కళ" కాస్తా "కల" అయిపోతుంది. ఈ మధ్య మిషను గొంతులు కూడా దిగాయి. వాటికి తప్పులు తక్కువే గానీ, వాక్యం ఎక్కడ విరగాలో తెలియదు. సమాసం నడుమ ఆగి, రెండు వాక్యాల నడుమ ఆగకుండా పోతాయి. ఇవన్నీ విని విసుగెత్తిన ఒక సాయంత్రం, రామవరప్పాడు రింగు దగ్గర బస్సు కదలక నిలబడిపోయినప్పుడు, పాటగా కాకుండా పుస్తకంగా ఎలా ఉంటుందో చూద్దామని ఘంటసాల గీత పెట్టుకున్నాను. అప్పటి నుంచీ దాన్ని అలాగే వింటున్నాను.

ఘంటసాల వేంకటేశ్వరరావు మనవాడే. 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. మాకు కూతవేటు దూరంలో దుర్గాపురంలో ఉన్న ప్రభుత్వ సంగీత కళాశాలకు ఆయన పేరే పెట్టారు. గీత ఆయన చివరి రోజుల పని. ఒంట్లో బాగుండని కాలంలో పూనుకుని పూర్తిచేశారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. మా ఊరివాళ్ళకు ఆ తారీకు మరిచిపోయేది కాదు. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు గుణదల మేరీమాత తిరునాళ్ళు, అందులో 11 పెద్దరోజు. 1924లో ఫాదర్ అర్లాటి ఇక్కడ మాత విగ్రహం నిలిపిన నాటి నుంచి పెరుగుతూ వచ్చిన జనం. బస్సులు దారి మళ్ళిస్తారు, కొండ మీద మైకులో మరియమ్మ పాటలు. ఆ రోజు నడక తప్పదు కాబట్టి, ఆ పాటల కిందనుంచే ఇయర్‌ఫోన్లో ఘంటసాలను వింటూ నడుస్తాను. ఎవరి భక్తి వాళ్ళది, నా వర్ధంతి నాది.

సరే, పనితనం దగ్గరికి వద్దాం. గీతలో ఉన్నవి 700 శ్లోకాలు. హెచ్.ఎం.వి. వాళ్ళు వేసింది గ్రామఫోను రికార్డు. ఎల్పీ ఒక వైపు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు మించి పట్టదు. శ్లోకం పాడి, దానికి తెలుగులో తాత్పర్యం చెప్పి, అన్నీ పట్టించాలంటే అయ్యే పని కాదు. అందుకే వందకు పైచిలుకు శ్లోకాలు మాత్రం ఏరుకున్నారు. మొత్తం వినడానికి ఒక సినిమా చూసేంత సేపు కూడా పట్టదు. ఆ ఏరడంలోనే సగం నేర్పు ఉంది. మొదటి అధ్యాయంలోని సేనల పట్టికలు, శంఖాల పేర్లు దాటేసి గబగబా అర్జునుడి నిరాకరణ దగ్గరికి వచ్చేస్తారు. యుద్ధం వద్దన్న మనిషి, అతనికి జవాబు చెప్పే మనిషి. వినేవాడికి ఈ ఇద్దరు దొరికితే పుస్తకం నడుస్తుంది.

ఇక్కడే ఆయన చేసిన అసలు పని ఉంది. ఆ గొంతు ఎలాంటిదో తలుచుకోండి. 1963లో వచ్చిన శ్రీకృష్ణార్జున యుద్ధములో రామారావు కృష్ణుడు, నాగేశ్వరరావు అర్జునుడు. ఇద్దరికీ పాడింది ఘంటసాలే. తెర వైపు చూడకుండా విన్నా ఏది ఎవరిదో చెప్పేయవచ్చు. ఒకరికి బరువు, ఒకరికి మెత్తదనం. అంటే గీత చదవడానికి కూర్చున్న మనిషికి కృష్ణుడి గొంతూ వచ్చు, అర్జునుడి గొంతూ వచ్చు. కావాలనుకుంటే మొత్తం గీతను రేడియో నాటకం చేసేసి ఉండొచ్చు. చేయలేదు. అర్జునుడు నాకు గెలుపూ వద్దు, రాజ్యమూ వద్దు అని విల్లు కింద పడేసే చోట, తాత్పర్యం చెప్పే గొంతులో వణుకు ఉండదు. కృష్ణుడు మాట్లాడేటప్పుడు మందహాసమూ ఉండదు. పెద్ద విందులో వడ్డించడం తెలిసినవాడు విస్తట్లో కూర వేసి ముందుకు వెళతాడు గానీ, పక్కనే నిలబడి దాని రుచి గురించి చెప్పడు. అలాంటి వడ్డన అది.

రెండో అధ్యాయంలో ఒక చోటు దగ్గర ఆగి విందాం. చినిగిన బట్ట విడిచి కొత్త బట్ట కట్టుకున్నట్టు ఆత్మ దేహాలు మార్చుకుంటుందనే శ్లోకం. ఆ వెంటనే, దాన్ని ఆయుధం కోయలేదు, నిప్పు కాల్చలేదు, నీరు తడపలేదు, గాలి ఆర్పలేదు అనే శ్లోకం. మొదటిది పాదానికి పదకొండు అక్షరాల నడక, రెండోది ఎనిమిది అక్షరాలది. ఊపిరి లెక్క మారుతుంది. మొదటిదాన్ని సాగదీసి పాడే వీలుంది, రెండోదానికి ఆ జాగా లేదు. పాట ఆగుతుంది. వెనక శ్రుతి ఒక్క క్షణం ఒంటరిగా మోగుతుంది. అప్పుడు అదే మనిషి మాట్లాడతారు, పాడిన గొంతు కన్నా ఒక మెట్టు కింద. పాటలో ఉన్న గమకం ఛాయ కూడా మాటలోకి రాదు. నాలుగు పొట్టి వాక్యాలు, కోయడం, కాల్చడం, తడపడం, ఆర్పడం. మామూలు చదువరి అయితే ఒక్కోదానికి గొంతు పెంచుకుంటూ పోయి నాలుగోదాన్ని ఢంకా మీద కొట్టేవాడు. ఘంటసాల నాలుగూ ఒకే బరువుతో పక్కపక్కన పెడతారు. నాలుగూ చేతకానివే కదా, వాటిలో పెద్దా చిన్నా ఏముంది?

ఇంకొంచెం ముందుకు వెళితే, పుట్టినవాడికి చావు, చచ్చినవాడికి పుట్టుక తప్పవు కాబట్టి శోకించకు అనే శ్లోకం. మనవాళ్ళు ఈ రికార్డును చావింటికి తీసుకెళ్ళడానికి కారణమైన చోటు ఇదే అయ్యుంటుంది. విచిత్రం ఏమిటంటే, ఆయన గొంతులో ఇక్కడ ఓదార్పు ఉండదు. ఓదార్చే గొంతు ఎలా పలుకుతుందో ఆయనకు తెలియక కాదు, దేవదాసుకు పాడిన మనిషి. తప్పనిదాన్ని తప్పనిది అని చెప్పి ఊరుకుంటారు. బంధువులు చేతులు పట్టుకుని చెప్పే మాటల కన్నా, ఆ పూట ఆ ఇంటివాళ్ళకు బహుశా అదే నయమేమో.

ఉచ్చారణ గురించి వేరే చెప్పాలా? ఒత్తులు ఒత్తులుగా ఉంటాయి, విసర్గ గాలిలో కలిసిపోదు, శ, ష, స మూడూ మూడే. అయినా పంతులుగారి బెత్తం కనబడదు. తాత్పర్యం గ్రాంథికంలో ఉంది, ఈ తరం పిల్లలకు కొరుకుడు పడదు అనేవాళ్ళున్నారు. నిజమే, నా మేనల్లుడికి సగం మాటలకు అర్థం చెప్పాల్సి వచ్చింది. వాక్యం మాత్రం వాడికి తెగకుండా అందింది. కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ అన్నది ఆయన ఆగిన చోటును బట్టే తెలిసిపోతుంది. కష్టమైన తెలుగును తేలిక చేయకుండానే తేటగా చదవొచ్చని నేను నమ్మింది ఇక్కడే.

బెజవాడ మనిషి చెవుల గురించి మాట్లాడుతూ ఉషశ్రీని తలవకపోతే తప్పు. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. బందరు రోడ్డులో పున్నమ్మతోట అంటే ఇప్పటికీ పెద్దవాళ్ళకు రేడియో స్టేషనే. నండూరి సుబ్బారావు చిలకమర్తి వారి గణపతికి ప్రాణం పోసింది ఆ స్టూడియోలోనే. ఉషశ్రీ, అంటే పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, రామాయణ భారతాలు చెప్పిందీ అక్కడి నుంచే. ఆయన దారి ఘంటసాల దారికి పూర్తిగా అవతలి గట్టు. ఉషశ్రీ చదవరు, చెబుతారు. వినేవాణ్ణి నిలదీస్తారు. పాత్రను మందలిస్తారు. ఒక్క మాట దగ్గర ఆగి, మనం సిగ్గుపడేదాకా కదలరు. చివర "స్వస్తి" అన్నారంటే తీర్పు చెప్పేసినట్టే. మా నాన్న ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ వస్తుంటే అన్నం ముందు కూర్చుని కూడా ముద్ద ఎత్తేవాడు కాదట.

ఇద్దరిలో ఎవరు గొప్ప అనే పందెం నాకు వద్దు. ఇప్పుడు మైకు ముందు కూర్చునే కుర్రవాళ్ళు మాత్రం ఉషశ్రీనే అనుకరిస్తున్నారు, ఆయన చదువు లేకుండా. పురాణం చెప్పేవాడు పాత్రల మధ్యకు దూరవచ్చు, అది అతని హక్కు. రాసినవాడి వాక్యం చేతిలో పెట్టుకుని చదివేవాడికి ఆ హక్కు లేదు. కథను నువ్వు ఆడనక్కర్లేదు నాయనా, రచయిత ఆల్రెడీ ఆడించి పెట్టాడు, నువ్వు దారి వదులు చాలు అని చెప్పాలనిపిస్తుంది. అలాంటి చదువరి ఎవరైనా నన్ను సలహా అడిగితే ఘంటసాల పాడిన భాగాలు వదిలేసి, మాట్లాడిన భాగాలే వరసగా వినమంటాను. పాటకు మనకు గొంతు ఉండాలి. మాటకు ఓపిక చాలు.

ఒక్క చిక్కుంది. ఫోన్లో దొరికే గీతను చాలాచోట్ల ముక్కలు ముక్కలుగా కోసి పెట్టారు. వరస కలిపేసే మీట నొక్కుకుపోయి ఉంటే పద్దెనిమిదో అధ్యాయం అయ్యాక అర్జునుడు మళ్ళీ విల్లు పడేస్తాడు. ఉచితంగా వింటే అది మరో నరకం. సుఖదుఃఖాలకు చలించని మనిషి లక్షణాలు ఘంటసాల నిదానంగా చెప్పుకొస్తుంటే, నడిమధ్యలో ఒకమ్మాయి దూరి, హామీ లేకుండా అయిదు లక్షల వరకు రుణం ఇస్తామని కేక పెడుతుంది. నెలకు కొద్దిపాటి డబ్బు కట్టయినా ప్రకటనలు లేకుండా వినండి. బస్సు కదలని రోజు చూసుకుని, రెండో అధ్యాయంతో మొదలుపెట్టండి.