అడుగని కానుకకు వెల

రవీంద్రనాథ ఠాకూరు 1892లో ప్రకటించిన 'కాబూలీవాలా' పితృవాత్సల్యకథగా ప్రసిద్ధము. ఐతే ఆ వాత్సల్యము బయటపడుట డబ్బు చేతులు మారిన ఘట్టములలోనే యనుట గమనింపదగినది.

మేవాలమ్ముకొను రహమతు ఎవరును కోరకయే అయిదేండ్ల మినీ కొంగు నిండ బాదములు, కిస్మిస్సులు పోసెను. ఇట్టివి మరల ఇయ్యవలదని చెప్పి తండ్రి ఒక అర్ధరూపాయి ఇయ్యగా అతడు సంకోచింపక సంచిలో వేసికొనెను. పిదప ఆ నాణెమే మినీ చేత కనబడి తల్లి మందలించెను. తాను అడుగలేదు, అతడే ఇచ్చినాడని బాలిక సమాధానము. ఊరక వచ్చినదానియందు భర్తకు బాకీ కనబడినది. భార్యకు అపాయము కనబడినది. అతడు వెల చెల్లింపదలచెను, ఆమె అసలే పుచ్చుకొనరాదనెను. ఇరువురి కోరికయు పరాయివానికి ఋణపడకుండుటయే.

కథ చెప్పువాడు భర్త గనుక భార్య భయము అతని చిరునవ్వు మీదుగానే మనకు వినబడును. కాబూలులో బానిసల వ్యాపారము లేదా, బిడ్డలను ఎత్తుకొనిపోవువారు లేరా యని ఆమె అడిగెను. ఆమె రహమతు విషయమున పొరబడినది గాని, తల్లి అడుగదగిన ప్రశ్నయే అడిగినది.

రాంపురీ చాదరు బాకీని కాదన్నవానిని పొడిచి చెరసాలకు పోయిన రహమతు, విడుదలయై మినీ పెండ్లినాడు ద్రాక్షపండ్లు తెచ్చెను. తండ్రి వెల ఇయ్యబోగా చేయి పట్టుకొని, తాను బేరమునకు రాలేదనెను. రొమ్మున దాచిన కాగితముపై తన కూతురి చేతిముద్ర చూపెను. రావలసిన సొమ్ముకై కత్తి దూసినవాడే కానుకకు వెల వద్దన్నాడు. వెలకును కానుకకును గల భేదము ఆ ఇంట అందరికన్న అతనికే తెలియును.

అప్పుడు తండ్రి స్వదేశమునకు పొమ్మని అతనికి ఒక నోటు ఇచ్చెను. తెలుగు చేయువాడు ఇచట జాగరూకుడు కావలెను. అర్ధరూపాయి 'చెల్లించినది', నోటు 'ఇచ్చినది'. రెంటికి ఒకే క్రియ వాడినచో కథ నడక తెలియదు.

ఆ నోటు మూలమున పెండ్లిలో విద్యుద్దీపములు, బ్యాండు మానవలసివచ్చెను. అంతఃపురమున స్త్రీలు అసంతృప్తి చెందిరి. భర్త వారిని సంప్రదించినట్లు కథలో లేదు. అతని ఔదార్యమునకు వారి ముచ్చటయు కొంత వెల చెల్లించినది. శుభకాంతి తనకు కనబడినదని అతడు తృప్తిపడెను. ఆమెకు కనబడినదో లేదో రవీంద్రుడు చెప్పలేదు. వారి అసంతృప్తిని మాత్రము తుడిచివేయక నిలిపెను. ఆ వాక్యమును దాటిపోవు పాఠకునికి సగము సంసారమే కనబడును.