రెండు న్యాయాల మధ్య మనిషి

ఒక పాత్ర ఏం చెయ్యాలో తోచక పది పేజీలు ఆలోచిస్తే, దాన్ని అంతస్సంఘర్షణ అనడం మనకు అలవాటైంది. అది తటపటాయింపు కావచ్చు, ఉత్త భయమూ కావచ్చు. మంచికీ చెడుకీ మధ్య ఎంపిక కూడా అంత పెద్ద సంఘర్షణ కాదు. మంచేదో ముందే తెలుసు, కావలసింది ధైర్యమే. మనిషి లోపల రెండు న్యాయాలు ఎదురెదురుగా నిలబడి, దేన్ని కాదన్నా తనలో కొంత పోగొట్టుకోక తప్పనప్పుడే అసలు సంఘర్షణ మొదలవుతుంది.

ఈ గీటురాయి మీద మన మనోవైజ్ఞానిక నవలల్ని చూద్దాం. రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్యను నడిపేది ప్రధానంగా భయం. అతని మీద జాలి కలుగుతుంది. అంతస్సంఘర్షణ మాత్రం పలచన. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' (1946)లో దయానిధి స్థితి వేరు. తల్లి గురించి లోకం అనే మాట అతన్ని వెంటాడుతుంది. తల్లిని కాదనలేడు, లోకాన్ని వదిలి బతకనూ లేడు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావుకు వంశప్రతిష్ఠ ఒకవైపు లాగితే, దాన్ని కోసి చూసే సొంత తర్కం మరోవైపు లాగుతుంది. రెండూ అతనివే కనుక తప్పించుకునే దారి లేదు.

మరి మన ఒడ్డు సంగతి? ప్రాణహిత గోదావరిలో కలిసిన చోటికి దిగువన, 2019లో మేడిగడ్డ బ్యారేజీ ప్రారంభమైంది. దాని ఒక కొస తెలంగాణలో, మరో కొస మన సిరోంచ తాలూకాలో. ముంపు గురించీ పరిహారం గురించీ ఇటువైపు రైతులు ఆందోళన చేశారు. 2023 అక్టోబరులో బ్యారేజీ పియర్లే కుంగాయి.

బామ్నిలో కూర్చుని కథ రాసేవారు ఒక రైతును ఊహించుకోవచ్చు. 2022 జులై వరదల్లో అతని పొలం మునిగింది. బిడ్డను అవతలి ఒడ్డుకు ఇచ్చాడు. అల్లుడి చెలక ఆ నీళ్లకోసమే ఎదురుచూస్తోంది. ఇతన్ని బాధితుడిగా మాత్రమే చూపితే అది వార్త. సర్కారును తిట్టించి ముగిస్తే ఉపన్యాసం. పొలమూ న్యాయమే, బిడ్డ కాపురమూ న్యాయమే.

బ్యారేజీ వద్దంటూ మరాఠీలో రాసిన అర్జీ ఊళ్లో తిరుగుతోంది. బిడ్డ పండక్కి వచ్చి ఇంట్లోనే ఉంది. సంతకం కోసం అర్జీ గుమ్మం ముందుకొచ్చింది. మన యువ కథకులు అక్కడినుంచి మొదలుపెట్టి చూడాలి.