విన్‌స్లో గ్రంథమున అనావృష్టి ఘట్టము

1623వ సంవత్సరమున అమెరికాలోని ప్లిమత్ ఆంగ్ల వలసలో, మే మూడవ వారము మొదలు జూలై నడుమ వరకు చినుకైనను రాలలేదు. మొక్కజొన్న పైరు వాడిపోయెను. అంతట వలసవారు ఒక దినమును ఉపవాస ప్రార్థనలకై ఏర్పరచి, ఎనిమిది తొమ్మిది గంటలసేపు దైవమును వేడుకొనిరి. ఉదయము నిర్మలముగా నున్న ఆకాశమును సభ ముగియునప్పటికి మబ్బులు క్రమ్మెను. మరునాటి నుండి రెండు వారములపాటు మెత్తని జల్లులు కురిసెను. 1624లో లండనున అచ్చయిన ఎడ్వర్డ్ విన్‌స్లో గ్రంథమున ఈ కథ యున్నది.

వరుణజపముల నెరిగిన భారతీయ పాఠకునికి ఇందు వింతగొలుపునది వాన కాదు, దానికి పలికిన సాక్ష్యము. వలసవారితో మెలగుచుండిన హోబొమాక్ అను స్థానికుడు, ఆదివారము గడచి మూడు నాళ్ళే కాగా మరల సభ యేల యని ఒక బాలు నడిగెను. అటుపిమ్మట అతడును తక్కిన స్థానికులును ఆ దేవుని దయకు అచ్చెరువొందిరట. తమ మంత్రములతో వచ్చు వాన ఒక్కొక్కప్పుడు తుపానై పైరును నేలగూల్చును. ఇది సౌమ్యముగా కురిసినది. విన్‌స్లో దీనిని తన మతవిజయముగా వ్రాసెను. కాని ఆ మాటలలో మంత్రములకును వాన కురియునను ఒప్పుదల దాగియున్నది! భేదమెల్ల కురిసిన తీరులోనిదే. రచయిత దానిని గమనించినట్లు తోచదు.

ఇంతకంటె బరువైన మౌన మొకటి కలదు. ఉపవాసమునకు ముందు ప్రతివాడును తన అంతరాత్మను శోధించుకొనెనని విన్‌స్లో చెప్పును. ఏ పాపమును పేర్కొనడు. అదే గ్రంథమున, కొలది పుటల ముందు, ఆ మార్చిలో వెసగసెట్ వద్ద మైల్స్ స్టాండిష్ జరిపిన హత్యలు వర్ణితములు. కుట్రను అణచుటకై చేసితిమని వలసవారి సమర్థన. హోబొమాక్ అప్పుడు స్టాండిష్ వెంటనే యుండెను. హతుడైన విటువామట్ తలను ప్లిమత్ కోటపై నిలిపిరి. సెప్టెంబరునాటి ఎమాన్యుయెల్ ఆల్తం లేఖను బట్టి అది ఇంకను అచ్చటనే యుండెను. ఆ కోట ప్రార్థనామందిరముగ కూడ ఉపకరించెనని విలియం బ్రాడ్‌ఫర్డ్ వ్రాసెను. ఉపవాసదినమున ఆ తల ఎవరికి కనబడలేదు? విన్‌స్లో రెండు ఘట్టములను ప్రక్కప్రక్కనే ఉంచియు వాటిని కలుపలేదు.

కలిపి చూచినవాడు సముద్రమున కావల నుండెను. లైడెనులోని వారి గురువు జాన్ రాబిన్సన్, 1623 డిసెంబరులో వ్రాసిన లేఖలో, ఆ రక్తపాతమునకు వగచి, స్టాండిష్‌కు మనుష్యప్రాణముపై ఉండవలసిన మార్దవము కొరవడెనేమో యని శంకించెను. బ్రాడ్‌ఫర్డ్ ఆ లేఖను తన చరిత్రలో చేర్చుకొనెను. ఆ చరిత్ర సంపూర్ణముగా అచ్చయినది 1856లో.