గోలీల మధ్య గుడ్లు

రంగుచేపలు కొని అద్దాల తొట్టిలో వదలడం ఎవరైనా చేస్తారు. గుడ్లు పెట్టించి, పిల్లల్ని బతికించడం వేరే విద్య. తార్నాకలో, ఉస్మానియా క్యాంపస్ చుట్టుపక్కల ఇళ్లలో ఆ విద్య తెలిసినవాళ్లంటే నాకు గౌరవం.

జీబ్రా చేపనే తీసుకోండి. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలపై రాసిన పుస్తకంతో శాస్త్రలోకానికి పరిచయమైన మన దేశపు చేప. పక్కనే ఉన్న జీవశాస్త్ర సంస్థ సీసీఎంబీలో పరిశోధనలకు పెంచుతున్నదీ దీన్నే. తెల్లవారి వెలుతురు పడగానే గుడ్లు విడుస్తుంది. కాసేపు ఏమరితే తల్లీతండ్రే వాటిని మింగేస్తాయి! అందుకే అడుగున గోలీలు పరుస్తారు. సందుల్లోకి జారిన గుడ్డు దక్కుతుంది. సుమారు మిల్లీమీటరు గుడ్డు, గాజులా స్వచ్ఛం. మర్నాటికల్లా భూతద్దంలో గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. ఎంత చూసినా తనివి తీరదు.

రెండు మూడు రోజులకు పిల్ల బయటపడుతుంది. అసలు కష్టం అప్పుడే మొదలు. సొన అయిపోయాక కంటికానని సూక్ష్మజీవులే దానికి మేత. ఉడికించిన గుడ్డుసొన గుడ్డలో పిండి వేసేవాళ్లూ ఉన్నారు, కానీ చిటికెడు ఎక్కువైతే నీళ్లు పాడవుతాయి.

ఇక్కడే మొక్కల విలువ తెలుస్తుంది. చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారిస్తే, హైడ్రిల్లా, వాలిస్నేరియా దాన్ని పీల్చుకుని పెరుగుతాయి. వేసవిలో నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది. కరెంటు పోయి గాలిపంపు ఆగిందా, నిపుణుడు నిద్ర మానుకుని చెంబుతో నీళ్లు ఎత్తిపోస్తాడు.