ప్యాకింగ్ పాపం

పాత అంబాసిడర్లున్న ఇద్దరు కలిస్తే మాట కార్బరేటర్ మీదికి మళ్ళడానికి ఎంతోసేపు పట్టదు. "మొన్ననే ప్యాకింగ్ మార్పించానండీ, నెల తిరక్కుండా మళ్ళీ కారుతోంది" అంటారు ఒకరు. రెండోవారు ఇంకో మెకానిక్ పేరు చెబుతారు. నన్నడిగితే, చాలాసార్లు ప్యాకింగ్ పాపం ఏ తప్పూ చేసి ఉండదు.

పంపు తోసిన పెట్రోలు కార్బరేటర్ గిన్నెలో చేరుతుంది. మట్టం పెరిగేకొద్దీ ఫ్లోట్ పైకి లేచి, నీడిల్‌ని సీటుకి నొక్కి దారి మూస్తుంది. మేడమీది నీళ్ళ ట్యాంకులో బాల్ వాల్వ్ చేసే పనే. నీడిల్ మొన అరిగినా, ట్యాంకులోంచి వచ్చిన తుప్పు రజను సీటులో ఇరుక్కున్నా దారి పూర్తిగా మూసుకోదు. గిన్నె నిండి, మూత అంచుల్లోంచి పెట్రోలు బయటపడుతుంది. తడి కనిపించేది మూతకీ గిన్నెకీ మధ్యనుండే ప్యాకింగ్ దగ్గర కాబట్టి నింద దానికి.

ఇత్తడి ఫ్లోట్‌కి కంటికి ఆనని చిల్లు పడితే పెట్రోలు లోపలికి చేరి బరువెక్కుతుంది, ఇక తేలదు. చెవి దగ్గర పెట్టి ఆడిస్తే చప్పుడు తెలుస్తుంది. వేడినీళ్ళలో ముంచితే చిల్లున్నచోట బుడగలొస్తాయి. (పొయ్యి ఆర్పి, నీళ్ళు బయటికి తెచ్చుకుని చేయాల్సిన పని; మా ఇంట్లో ఇది శాసనం.) టంకం వేయొచ్చు గానీ, లోపలి ఆవిరి పోకుండా వేడి తగిలితే పేలుతుంది. పైగా టంకం బరువుకి పెట్రోలు మట్టం మారిపోతుంది. కొత్తది దొరికితే కొనడమే మేలు.

కారగానే స్క్రూలు "ఇంకొంచెం టైట్" చేయడం మనకో జబ్బు. మెత్తటి లోహంతో పోతపోసిన మూత, బిగించగా బిగించగా వంగుతుంది. అద్దం పలక మీద సన్న ఎమరీ పేపరు పరిచి మూతని దానిమీద నెమ్మదిగా రుద్దితే, ఎత్తుగా ఉన్నచోట మెరుస్తుంది, పల్లంగా ఉన్నచోట మాసినట్టే ఉంటుంది. అంచంతా ఒకేలా మెరిసేదాకా రుద్దాలి. ఆదివారం మధ్యాహ్నానికి ఇంతకన్నా మంచి పని నాకు తెలీదు.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు ట్యూబులూ పంపు డయాఫ్రమూ దానికోసం చేసినవి కావు, ఉబ్బుతాయి, పగులుతాయి. నీడిల్‌తోపాటు వాటినీ మార్చాలి. ట్యాంకు కడిగించి, పైపులో ఫిల్టరు పెట్టించకపోతే కొత్త నీడిల్‌కీ పాత గతే.

పాత అంబాసిడర్‌లో కార్బరేటర్ కిందే వేడివేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉంటుంది; కారిన పెట్రోలు దానిమీద పడితే మంటే. పెట్రోలు వాసన గుప్పుమంటే "షెడ్డుదాకా పోనిద్దాం" అనకండి. ఇంజిన్ ఆపేసి, మెకానిక్‌నే కారు దగ్గరికి పిలిపించుకోండి.